చేతికందని జవాబు

పదునాలుగేండ్లు కారాగారమున గడపిన ఖైదీ యొకడు తన శేషశిక్షను తగ్గింపవలసినదని ప్రభుత్వమువారికి అర్జీ పెట్టుకొనును. చదువురానివాడగుటచే తోటి ఖైదీచేత వ్రాయించి క్రింద వ్రేలిముద్ర వేయును. ఆ కాగితము జైలు సూపరింటెండెంటుగారి కచేరీలో బయలుదేరి, వాని స్వగ్రామపు పోలీసుఠాణాకును, ప్రొబేషను అధికారికిని, శిక్ష విధించిన న్యాయస్థానమునకును, సమీక్షామండలికిని, తుదకు సచివాలయమునకును పోవును. నెలలు గడచును. కొన్నియెడల సంవత్సరములే గడచును. పిమ్మట వచ్చు జవాబు ఒక్కటే మాట: తిరస్కరింపబడినది. ఏల తిరస్కరించిరో అందుండదు. ఆ ఒక్క మాటయైనను కాగితరూపమున వాని చేతికి వచ్చునన్న నిశ్చయము లేదు. "నీది కాలేదోయి" అని వార్డరు కటకటాల కావలినుండి చెప్పిపోవుటతో ఒక మనుష్యుని పదునాలుగేండ్ల నిరీక్షణము ముగియవచ్చును.

ఈ జవాబును గూర్చియే నేడు మేము వ్రాయదలచితిమి. ఖైదీలనందరను విడిచిపెట్టవలెనని మేము చెప్పబోవుట లేదు. విడువదగనివారు కలరు, వారిని విడువకుండుట ప్రభుత్వమువారి ధర్మమే. హతుల కుటుంబములకును కన్నీరు కలదు. దానిని మరచి ఖైదీని మాత్రమే తలచువారి పక్షమున మేము లేము. కాని కాదనుటకు అధికారము గలవారికి ఎందుచేత కాదనుచున్నారో చెప్పు బాధ్యతయు కలదనియు, ఆ చెప్పినది అర్జీదారునికి అందవలెననియు మా వాదము. ఇంతకుమించి మేమేమియు కోరుట లేదు. ఇంతమాత్రమైనను దొరకకుండుటయే మా విచారమునకు హేతువు.

మన పాఠకులలో పెక్కుమంది యావజ్జీవశిక్ష యనగా పదునాలుగేండ్లనియో ఇరువదియేండ్లనియో తలచుచుందురు. అది పొరపాటు. యావజ్జీవమనగా ప్రాణమున్నంతవఱకే యనియు, ఇరువదియేండ్లు నిండినంతమాత్రమున విడుదల హక్కుగా సంక్రమింపదనియు 1961లోనే గోపాల్ వినాయక్ గాడ్సే వ్యాజ్యెమున సుప్రీముకోర్టువారు తీర్పుచెప్పిరి. పదునాలుగేండ్ల లెక్క వేరొకచోటనుండి వచ్చినది. 1978 డిసెంబరు 18వ తేదీనుండి అమలునకు వచ్చిన క్రిమినల్ ప్రొసీజరుకోడు 433-ఎ సెక్షను ననుసరించి, మరణశిక్షయు విధింపదగిన నేరమునకు యావజ్జీవశిక్ష పడినవాడును, మరణశిక్ష తగ్గి యావజ్జీవమైనవాడును నిజముగా పదునాలుగేండ్లు జైలులో గడపిననేగాని ఆ కోడు క్రింది తగ్గింపులచే విడుదల కారాదు. కనుక పదునాలుగేండ్లు నిండుటచే తలుపు తెరచుకొనదు. తలుపు తట్టుటకు అర్హత మాత్రము కలుగును. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయందును ఈ నియమములే 473, 475 సెక్షనులుగా నిలిచినవి. ఇవిగాక రాష్ట్రపతికి రాజ్యాంగము 72వ అధికరణముచేతను, గవర్నరునకు 161వ అధికరణముచేతను క్షమాధికారము సంక్రమించినది. ఆ అధికారమును మంత్రివర్గ సలహా ననుసరించియే నడుపవలెనని 1980లో మారూరాము వ్యాజ్యెమున నిర్ణయమైనది. మన తెలుగు ప్రాంతములలో రిపబ్లికు దినోత్సవమునకో, స్వాతంత్ర్య దినోత్సవమునకో, గాంధీజయంతికో విడుదల జాబితాలు వెలువడిన సందర్భములు పాఠకులకు విదితమే.

విడుదల హక్కు కాదు. విడుదల విషయము నిర్ణీతమైన విధానము ననుసరించి న్యాయముగా పరిశీలింపబడుట మాత్రము హక్కు. న్యాయస్థానములు ఈ భేదమును మరల మరల చెప్పుచునే వచ్చినవి. 2010లో హర్యానారాష్ట్రమునకు సంబంధించిన జగదీశ్ వ్యాజ్యెమున, ఖైదీకి శిక్ష పడిననాటి విధానమునే అన్వయింపవలెననియు, తరువాతి విధానము వానికి మరింత అనుకూలమైన యెడల ఆ మేలునుగూడ కలిగింపవలెననియు సుప్రీముకోర్టువారు నిర్ణయించిరి. అర్జీదారునకు తన కేసు ఏ విధానము క్రింద తూచబడినదో తెలియకున్నచో, ఈ తీర్పువలన వానికి కలిగిన లాభమేమి?

ఇక ఆ పరిశీలనలో మన పాఠకులకే స్వయముగా సంబంధించిన ఘట్టమొకటి కలదు. ఖైదీ స్వగ్రామమునకు పోలీసువారు విచారణకు వత్తురు. వచ్చి ఎవరినడుగుదురు? సర్పంచి నడుగుదురు; పెద్దరైతు నడుగుదురు; వీథిఅరుగుమీద కూర్చున్న నలుగురు గౌరవనీయుల నడుగుదురు. "వాడు తిరిగివచ్చినచో ఊరిలో ఏమైన గొడవలగునా?" అని ప్రశ్న. "ఎందుకు వచ్చిన బాధండి, ఉన్నచోటనే ఉండనీయండి" అని కాఫీ త్రాగుచు ఒకరు చెప్పిన మాట ఠాణాకు చేరుసరికి శాంతిభద్రతలకు భంగము వాటిల్లునను గంభీరమైన వాక్యముగా మారును. ఆ మాట చెప్పినవాడు హతుని బంధువై, నిజమైన భయముతో చెప్పియుండవచ్చును. అట్టి భయమును ప్రభుత్వమువారు లెక్కింపవలసినదే. లేక, ఖైదీ వాటాభూమిని ఇన్నాళ్లు కౌలు చెల్లింపక దున్నుకొనుచున్న దాయాదియే చెప్పియుండవచ్చును. నివేదికలో ఈ ఇద్దరి మాటలును ఒకే వాక్యమగును. సచివాలయమున కూర్చున్న అధికారికి ఏ మాట ఎవని నోటనుండి వచ్చెనో తెలియు దారి లేదు. ఖైదీకి తెలిసినయెడల వాడు చెప్పగలడు. కాని వానికి చూపువారెవరు?

ఇట్టి విచారణకు జవాబు చెప్పునప్పుడు మన పెద్దమనుష్యులు తాము సాక్ష్యము చెప్పుచున్నామను మాట మరువరాదు. కోర్టుబోనులో ప్రమాణముచేసి చెప్పు సాక్ష్యమునకు ఎదురుప్రశ్న యుండును. అరుగుమీది సాక్ష్యమునకు అదియు లేదు.

పరిశీలింపవలసిన సంగతులేవో న్యాయస్థానము చెప్పలేదా యన్నచో, చెప్పియేయున్నది. 2000 సంవత్సరమున లక్ష్మణ్ నస్కర్ వ్యాజ్యెమున సుప్రీముకోర్టువారు అయిదు ప్రశ్నలను నిర్దేశించిరి. ఆ నేరము సమాజమునంతను కలతపెట్టక వ్యక్తిగతముగానే ముగిసినదా? మరల నేరము జరుగు అవకాశము కలదా? నేరముచేయు శక్తి ఖైదీయందు నశించినదా? ఇంకను నిర్బంధించియుంచుటవలన ప్రయోజనమేమైన కలదా? వాని కుటుంబపు ఆర్థిక సాంఘిక స్థితి యెట్టిది? ఈ అయిదింటిలో నాలుగు ప్రశ్నలు నేటి మనుష్యుని గూర్చినవి. మొదటిది మాత్రమే నాటి నేరమును గూర్చినది. తిరస్కారపు ఉత్తరువులలో తరచుగా కనబడునది మొదటి ప్రశ్నకు జవాబు మాత్రమే: నేరము ఘోరమైనది. అది ఎవరు కాదనిరి? ఘోరమైనది గనుకనే యావజ్జీవశిక్ష పడినది. దానికే మరల మరల శిక్షించుటకు సమీక్షామండలి యెందులకు?

2022 ఏప్రిలులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునుండి వచ్చిన రామచందర్ వ్యాజ్యెమున ఈ విషయమే చర్చకు వచ్చెను. ఆ ఖైదీ పదునారేండ్లకు పైగా శిక్ష అనుభవించెను. విడుదల తగదని విచారణ న్యాయస్థానపు జడ్జి అభిప్రాయమిచ్చెను. ప్రభుత్వము దానినే పట్టుకొని కాదనెను. ఆ అభిప్రాయమున తగిన కారణములు లేవనియు, నిర్దేశింపబడిన అంశములను పరిశీలింపలేదనియు చెప్పి సుప్రీముకోర్టువారు దానిని తిరిగి పంపిరి. 2023 ఆగస్టులో బీహారు ఖైదీ యొకని విషయమున మరియొక అడుగు ముందుకు వేసిరి. అతడు ఇరువదినాలుగేండ్లు పెరోలు లేక, తగ్గింపు లేక జైలులో నుండెను. జడ్జి నివేదిక ప్రతికూలము, పోలీసు నివేదిక ప్రతికూలము. ఇంకేమియు చూడక మండలి త్రోసివేసినది. దశాబ్దములనాటి రికార్డు నేరమును చూపగలదు గాని, నేడు ఆ మనుష్యుడెట్లున్నాడో చూపలేదనియు, జైలులోని నడవడిని కన్నులార చూచినవారి మాటనుగూడ వినవలెననియు ఆ తీర్పు సారాంశము. ఆ మరుసటి నెలలోనే కేరళకు చెందిన వృద్ధఖైదీ యొకని అర్జీ విచారణకు వచ్చెను. ఇరువదియారేండ్లకు పైగా శిక్ష అనుభవించిన ఆతనిని విడువవచ్చునని సలహామండలి సిఫారసు చేసినను ప్రభుత్వము ఒప్పుకొనలేదు. ఇక మరల పంపుట వ్యర్థమని తలచి సుప్రీముకోర్టువారే విడుదలకు ఉత్తరువిచ్చిరి.

ఇది అరుదు. సాధారణముగా న్యాయస్థానము తిరస్కారమును కొట్టివేయును గాని తానే విడువదు; మరల పరిశీలింపుడని ప్రభుత్వమునకే త్రిప్పిపంపును. ప్రభుత్వము మరల అదే పోలీసు నివేదికను తెప్పించుకొని, మాటలు మార్చి, మరల కాదనవచ్చును. గానుగెద్దు ఎంత నడచినను ఊరు దాటదు. ఈ ప్రదక్షిణమున గడచు ప్రతి సంవత్సరమును ఖైదీ ఆయువులోనిదే.

ప్రక్కనే మన ఆంధ్రదేశపు ఉదాహరణ యొకటి కలదు. దానిని విడుచుట న్యాయముగాదు. 2005లో ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఒక ఖైదీకి శిక్ష తగ్గించుచు ఉత్తరువిచ్చిరి. హతుని కుమారుడు ఏపూరి సుధాకర్ సుప్రీముకోర్టునకు పోయెను. పరిశీలనకు చేర్చిన కాగితములలో ఆ ఖైదీ ఒక రాజకీయపక్షమునకు మంచి కార్యకర్త యను సంగతియు కనబడెను! క్షమాధికారమైనను సంబంధములేని కారణములపై నడువరాదని చెప్పి, 2006 అక్టోబరులో సుప్రీముకోర్టువారు ఆ ఉత్తరువును రద్దుచేసి, మరల పరిశీలింపుడనిరి. పలుకుబడి గలవాని కాగితము ఏ దారిని పోవునో, ఏ పలుకుబడియు లేనివాని కాగితము ఏ దారిని పోవునో పాఠకులే ఊహింపగలరు. గుజరాతున 2002 నాటి అల్లరులలోని ఘోరకృత్యములకు శిక్షపడిన 11 మందిని 2022లో అచ్చటి ప్రభుత్వము విడిచిపెట్టగా, ఆ అధికారము గుజరాతుది కాదు, విచారణ జరిగిన మహారాష్ట్రదని చెప్పి 2024 జనవరి 8వ తేదీన సుప్రీముకోర్టువారు ఆ ఉత్తరువులను కొట్టివేసి, వారిని తిరిగి జైలునకు పొమ్మనిరి. కారణములు వ్రాయుట ఖైదీకి మాత్రమే మేలు చేయునని తలచువారు ఈ రెండు వ్యాజ్యెములను చూతురుగాక. ఉత్తరువున కారణము బయటపడియున్ననేగాని, నష్టపడినవారు దానిని ప్రశ్నింపజాలరు.

కారణము వ్రాసిరనుకొందము. అది చేతికి చేరుట వేరొక కథ. 1978 ఆగస్టులో సుప్రీముకోర్టునకు వచ్చిన వ్యాజ్యెమొకటి ఇందుకు మంచి దృష్టాంతము. దొంగ డిగ్రీపత్రములు చేయించిన నేరమునకు మూడేండ్ల శిక్షపడిన విద్యాధికు డొకడు, తీర్పు వెలువడిన నాలుగేండ్లకు పైబడిన తరువాత అప్పీలునకు వచ్చెను. ఇంత ఆలస్యమేల యని యడుగగా, తీర్పు నకలు నాకు అందలేదనెను. నకలు ఇచ్చితిమి, గవర్నరునకు పంపు దయాభిక్ష అర్జీతో జతపరచుటకై మరల తీసికొంటిమి అని యెరవాడ జైలు అధికారులు చెప్పిరి. ఇచ్చినట్లు ఖైదీ సంతకమేది? లేదు. ఒక అర్జీకి కావలసిన కాగితము రెండవ అర్జీకి జతయై పోవుటచే, అసలు తలుపే మూసికొనిపోయినది. అప్పీలు నిలువలేదు. కాని ఆ సందర్భముననే జస్టిసు కృష్ణయ్యరుగారు, తీర్పు నకలును ప్రతి ఖైదీకిని ఉచితముగా వెంటనే ఇచ్చి, అందినట్లు వ్రాతపూర్వకముగా ముట్టినచీటీ తీసికొనవలెనని దేశమందలి జైళ్లన్నిటికిని వర్తించునట్లు నిర్ణయించిరి. మరుసటి సంవత్సరమున, అనగా 1979 డిసెంబరులో, ఢిల్లీలోని తీహారు జైలునుండి ఖైదీ యొకడు వ్రాసిన ఉత్తరమునే అర్జీగా స్వీకరించి, జైళ్లలో ఫిర్యాదుపెట్టె లుంచవలెననియు, జిల్లా జడ్జీలు జైళ్లను దర్శించి ఖైదీల మొర వినవలెననియు ఆదేశించినవారును ఆయనయే.

కోర్టుతీర్పు నకలునకు 1978లో దొరికిన ఈ గౌరవము ప్రభుత్వపు తిరస్కారపు ఉత్తరువునకు దొరకుటకు మరి నలుబదియేడేండ్లు పట్టినది. 2025 ఫిబ్రవరి 18వ తేదీన జస్టిసు అభయ్ ఓకాగారును, జస్టిసు ఉజ్జల్ భుయాన్‌గారును ఇచ్చిన ఆదేశములు ఈ విషయమున ముఖ్యములు. తగ్గింపు విధానమున్న రాష్ట్రములలో అర్హుడైన ఖైదీ అర్జీ పెట్టుకొనకున్నను ప్రభుత్వమే వాని విషయము పరిశీలింపవలెను. విధానము లేని రాష్ట్రములు రెండు నెలలలో ఏర్పరచుకొనవలెను. మంజూరుచేసినను నిరాకరించినను క్లుప్తముగానైన కారణములు వ్రాయవలెను. ఉత్తరువును జైలు కచేరీద్వారా వెంటనే ఖైదీకి తెలుపవలెను; నకలు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి పంపవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, నిరాకరణమును ప్రశ్నించు హక్కు నీకు కలదని జైలు అధికారులే ఖైదీకి చెప్పవలెను. తిరస్కరించినవారి పక్షముననున్న ఉద్యోగియే తిరస్కృతునకు తరువాతి దారి చూపవలెననుట మన కచేరీలకు క్రొత్తసంగతి. అది నడచునా నడువదా యని మాకు సందేహము లేకపోలేదు.

కారణము తెలిసినచో ఖైదీకి ఒరుగునదేమి యని కొందరడుగుదురు. చాల ఒరుగును. ఒక్కసారి త్రోసివేసినంతమాత్రమున మరల పరిశీలింపకూడదని లేదు. కడపటి పరిశీలన జరిగి ఏడాది గడచిన పిమ్మట మరల పరిశీలింపవచ్చునని జాతీయ మానవహక్కుల సంఘమువారి మార్గదర్శకములు చెప్పుచున్నవి. అయితే ఆ ఏడాదిలో వాడు చక్కజేసికొనవలసినదేమి? పోలీసు నివేదికయే అడ్డమైనచో, ఊరివారి నిజమైన అభిప్రాయమును ప్రొబేషను అధికారికి తెలుపవచ్చును; హతుని కుటుంబమున్న ఊరు విడిచి వేరొకచోట బంధువుల యింట నుండుటకు ఒప్పుకొనవచ్చును. పెరోలునుండి ఆలస్యముగా వచ్చిన పాత తప్పే అడ్డమైనచో, ఆ తరువాతి సత్ప్రవర్తనను చూపవచ్చును. ఇంటిలో ఆదరించువారు లేరను కారణమైనచో, కుమారునిచేతనో సోదరునిచేతనో హామీ యిప్పింపవచ్చును. దినముల లెక్కయే తప్పినదైనచో, రిమాండు దినములతో కూడ మరల లెక్కింపుమని కోరవచ్చును. కారణము తెలియనివాడు ఏడాది గడచినపిమ్మట మొదటి అర్జీనే మరల పంపును. ప్రభుత్వమువారు మొదటి జవాబునే మరల పంపుదురు.

హైకోర్టునకు పోవుటకైనను 226వ అధికరణము క్రింద రిట్టు వేయువాడు ఏ ఉత్తరువును ప్రశ్నించుచున్నాడో చూపవలెను. నిర్బంధమందున్న ప్రతివానికిని, ఆదాయముతో నిమిత్తము లేక, ఉచిత న్యాయసహాయము పొందు హక్కు 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 12వ సెక్షనుచే లభించినది. జైళ్లలోని న్యాయసహాయ కేంద్రములు పేరునకుగాక పనిచేయునట్లు చూడవలెనని 2024 అక్టోబరులో సుప్రీముకోర్టువారు సుహాస్ చక్మా వ్యాజ్యెమున మరల ఆదేశించియున్నారు. కాని వకీలు వచ్చి మొదట అడుగునది కాగితమే. కాగితము లేదన్నచో, సమాచారహక్కు చట్టము క్రింద దరఖాస్తుపెట్టి, ముప్పదిదినములు కాచుకొని, తనకు రావలసిన జవాబు నకలును తానే వెదకి తెచ్చుకొనవలెను. ఇంతకంటె విపరీతమేమున్నది? పైగా ఖైదీలు ఒకచోట నిలుకడగా నుండరు. 2021లో వరంగల్లు కేంద్రకారాగారమును ఆసుపత్రి నిర్మాణమునకై ఖాళీచేయించినపుడు అచ్చటివారిని ఇతర జైళ్లకు తరలించిరి. అట్టి తరలింపు జరుగునప్పుడు ప్రయాణమందున్న అర్జీకి జవాబు ఏ జైలునకు చేరును?

మరియొక మాట. వచ్చిన ఉత్తరువు ఇంగ్లీషున నుండిన, తెలుగైనను చదువలేని ఖైదీకి దానివలన ప్రయోజనమేమి? తెలుగును అధికారభాషగా చేయు చట్టము 1966లోనే ఆంధ్రప్రదేశమున వెలసినది. కవిసమ్మానములయందును, ఉగాది సభలయందును ఆ చట్టమును తలచుకొని సంతోషించుట మనకు అలవాటు. చెఱసాలలోనివానికి నీ విడుదల కాదని చెప్పు నాలుగు పంక్తులు తెలుగున వ్రాయుటకు ఏ పండితుల సంఘము కూడనక్కరలేదు.

2022 సంవత్సరాంతమున దేశమందలి జైళ్లలో నున్న 5,73,220 మందిలో శిక్షపడినవారు 1,33,415 మంది మాత్రమే. తక్కినవారిలో అత్యధికులు విచారణలో నున్నవారు. వారి సంఖ్యయే పెద్దదగుటచే పత్రికలును, ప్రజలును బెయిలును గూర్చియే మాటలాడుదురు. అది తగినదే. కాని శిక్షపడినవాడు లోకమునకు ఇక చెప్పవలసినది లేనివానివలె మరుగుపడిపోవుచున్నాడు. 1930లోను 1942లోను రాజమహేంద్రవరపు చెఱసాల చూచివచ్చిన పెద్దలుగల కుటుంబములు మన జిల్లాలలో నేటికిని కలవు. జైలునుండి వ్రాసిన కాగితమునకు జవాబుకొఱకు ఎదురుచూచుట యెట్టిదో ఆ యిండ్లలో చెప్పుకొనియేయుందురు.

మేము ప్రభుత్వములను కోరునది చిన్నది. ప్రతి కేంద్రకారాగారమునను, తగ్గింపు అర్జీల పుస్తకమున, తిరస్కారపు ఉత్తరువు జైలునకు చేరిన తేదీకి ఒక గడియు, దానిని కారణములతో కూడ ఖైదీకి తెలుగున చదివి వినిపించి నకలిచ్చిన తేదీకి రెండవ గడియు, వాని సంతకమునకో వ్రేలిముద్రకో మూడవ గడియు ఏర్పరుపుడు. రాజమహేంద్రవరమునకును, విశాఖపట్టణమునకును, చెర్లపల్లికిని, చంచల్‌గూడకును దర్శనార్థము పోవు జిల్లా జడ్జీలు, వంటశాలలోని సాంబారు రుచిచూచిన పిమ్మట, ఆ పుస్తకమునుగూడ తెప్పించుకొందురుగాక. మొదటి తేదీకిని రెండవ తేదీకిని నడుమ ఎన్నిదినములు గడచినవో లెక్కించుటకు అయిదు నిమిషములు చాలును.